కణంలో కంసాలి మూస

బడిలో జీవశాస్త్రం చదివిన తెలుగువాళ్లకు లైసోజోమ్ అనగానే గుర్తొచ్చేది ఒకటే మాట: ‘స్వయం విచ్ఛిత్తి సంచులు’. ఇంగ్లిషు మీడియంలో చదివినవాళ్లకు అదే ‘సూయిసైడ్ బ్యాగ్స్’. ఒక మార్కు ప్రశ్నకు సరిపోయే జవాబు అది. పరీక్షలయ్యాక పాఠమంతా మరిచిపోయినా ఈ పేరు మాత్రం మనసులో ఉండిపోతుంది, దానితోపాటు ఒక బొమ్మ కూడా. కణం తన ఒడిలో విషపు మూట పెట్టుకుని తిరుగుతుందనీ, కాలం తీరినప్పుడు దాన్ని చింపుకుని చచ్చిపోతుందనీ ఆ బొమ్మ చెబుతుంది. అది తలకిందులుగా ఉందని ఈ అధ్యాయంలో చూపించదలచాను. లైసోజోమ్ పగిలి కణం చావడం ఎప్పుడో జరిగే ప్రమాదం. లైసోజోమ్ అరిగించడం మానేసి కణం చావడం, ఆ కణంతో పాటు పసిబిడ్డలు చావడం వైద్యులు నూరేళ్లకు పైగా చూస్తున్న విషాదం. మొదటిదాన్ని పేరులో పెట్టుకుని రెండోదాన్ని పాఠంలోంచి వదిలేశాం. దానివల్ల మన శరీరం రోజూ ఎలా బతుకుతోందో చెప్పే ముఖ్యమైన సంగతి ఒకటి మనకు అందకుండా పోయింది.

ఆ పేరు ఎక్కడినుంచి వచ్చిందో తెలియాలంటే లైసోజోమ్ దొరికిన తీరు చూడాలి. దాన్ని ముందుగా ఎవరూ కంటితో చూడలేదు, లెక్కలో తేడా వచ్చి దొరికింది. 1949లో బెల్జియంలోని లువేన్ విశ్వవిద్యాలయంలో క్రిస్టియన్ ద డూవ్ బృందం, కాలేయం మీద ఇన్సులిన్ ఎలా పనిచేస్తుందో తేల్చే ప్రయత్నంలో ఉంది. వాళ్ల దృష్టి వేరే ఎంజైము మీద ఉంది. పోల్చి చూసుకోవడానికి మాత్రం యాసిడ్ ఫాస్ఫటేజ్ అనే మరో ఎంజైమును కూడా కొలుస్తూ వచ్చారు. ఎంజైము ఎంత పనిచేసిందో తెలియాలంటే అది విడగొట్టిన ఫాస్ఫేటు ఎంతో కొలవాలి. (ఆ కాలపు జీవరసాయన శాలల్లో ఫాస్ఫేటును కొలవడానికి బాగా ప్రచారంలో ఉన్న పద్ధతి, భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్కెతో కలిసి 1925లో హార్వర్డ్ నుంచి ప్రకటించినది. ఫాస్ఫేటు ఎంత ఉంటే ద్రావణం అంత నీలంగా మారుతుంది.) ఎలుక కాలేయాన్ని మిక్సీ లాంటి యంత్రంలో వేసి చిదిమినప్పుడు ఎంజైము దండిగా కనిపించేది. అదే కాలేయాన్ని పంచదార ద్రావణంలో మెల్లగా నూరినప్పుడు పదో వంతు మాత్రమే కనిపించింది. కొలతలో పొరపాటు జరిగిందనుకుని పారేసి ఉంటే కథ అక్కడితో ముగిసేది. వాళ్లు ఆ నమూనాలను ఫ్రిజ్‌లో ఉంచి, 5 రోజుల తర్వాత మళ్లీ కొలిచారు. కనిపించకుండా పోయిన ఎంజైము తిరిగొచ్చింది! అంటే అది ఎక్కడికీ పోలేదు, ఏదో పొర వెనక దాగి ఉంది. మెల్లగా నూరితే ఆ పొర చెక్కుచెదరలేదు, నిలవ ఉంచితే పాడై తెరుచుకుంది. 1955 నాటికి ఇలా పొర వెనక దాగే ఎంజైములు 5 తేలాయి. ఒకటి ప్రోటీన్లను కోసేది, ఒకటి డీఎన్‌ఏను, ఒకటి ఆర్‌ఎన్‌ఏను, మిగిలినవి మరికొన్నిటిని. లక్ష్యాలు వేరైనా అన్నీ ఆమ్లంలోనే పనిచేస్తాయి, అన్నీ ఒకే రకం రేణువుల్లో ఉంటాయి. ఇన్ని కత్తులు ఒకే సంచిలో ఉన్నాయంటే ఆ సంచి పని అరిగించడమే అయ్యుండాలని ద డూవ్ తర్కించి, గ్రీకు మాటలతో దానికి లైసోజోమ్ అని పేరు పెట్టాడు. అదే ఏడాది అమెరికాలోని వెర్మాంట్ నుంచి వచ్చిన అలెక్స్ నోవికాఫ్ ఆ రేణువులను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూపించాడు. 1974లో ద డూవ్‌కు ఆల్బర్ట్ క్లాడ్, జార్జ్ పలాడేలతో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది.

ఆత్మహత్య సంచి అన్న పోలిక కూడా ద డూవ్‌దే. కనిపెట్టినవాడే ఆ మాట అన్నప్పుడు కాదనడానికి మనమెవరం అని అడగవచ్చు. ఆ మాట పుట్టిన సందర్భం చూస్తే సమాధానం దొరుకుతుంది. తొలి ప్రయోగాలన్నిటిలో ఆ ఎంజైములు బయటపడ్డది సంచి చిరిగినప్పుడే. నూరితేనో, గడ్డకట్టించి కరిగిస్తేనో, సబ్బులాంటి పదార్థం పోస్తేనో తప్ప లోపలిది కొలతకు అందలేదు. చింపితేనే కనిపించింది కనుక చిరగడమే దాని స్వభావమన్న ఊహ బలపడింది. బతికి ఉన్న కణంలో చిరగని సంచి ఏం చేస్తోందో చూపే పనిముట్లు అప్పటికి లేవు. అవి వస్తున్నకొద్దీ ద డూవ్ కూడా ఆ రెండో ప్రశ్న వైపే నడిచాడు. కణం తన భాగాలను తానే లైసోజోముకు అందించి అరిగించుకునే ప్రక్రియకు 1963లో ఆటోఫజీ అని పేరు పెట్టింది ఆయనే. ఆయన మొదట అన్న మాట బడి పుస్తకాల్లో నిలిచిపోయింది, తర్వాత అన్నది ప్రయోగశాలల్లోనే ఉండిపోయింది.

కణం ఈ సంచిని పగలగొట్టుకోవడానికే దాచుకుని ఉంటే, పగలకుండా చూడడానికి ఇంత ఏర్పాటు చేసుకునేది కాదు. లైసోజోమ్ లోపల పీహెచ్ 4.5 నుంచి 5 వరకు ఉంటుంది, బయట కణద్రవంలో సుమారు 7.2. ఈ కొలమానంలో ఒక అంకె తేడా అంటే పది రెట్ల తేడా. ఆ లెక్కన లోపలి ఆమ్లత్వం బయటికంటే కొన్ని వందల రెట్లు ఎక్కువ. ఈ తేడా ఊరికే నిలవదు. పొరలో బిగించిన ప్రోటీన్ పంపులు ఏటీపీని ఖర్చుపెడుతూ హైడ్రోజన్ అయాన్లను అదే పనిగా లోపలికి తోడిపోస్తుంటాయి. లోపల సుమారు 60 రకాల జీర్ణ ఎంజైములు ఉంటాయి, వాటిలో చాలా భాగం ఆ ఆమ్లంలో తప్ప పదును చూపవు. కొంచెం కారి బయట పడ్డా కణద్రవంలో వాటి బలం తగ్గిపోతుంది. పొర లోపలి గోడకు చక్కెర గొలుసుల దట్టమైన పూత ఉంటుంది, కత్తులు తమ ఒరనే కోసుకోకుండా. వీటన్నిటినీ దాటి చిన్న చిరుగు పడిందా, మరమ్మతు చేసే ప్రోటీన్లు నిమిషాల్లో అక్కడికి చేరి అతుకు వేస్తాయని 2018లో వెలువడిన పరిశోధనలు చూపించాయి. ఇంత శక్తి ఖర్చుపెట్టి, ఇన్ని వరసల కాపలా పెట్టుకున్న సంచిని ఆత్మహత్య కోసం దాచిన విషమనడం నాకు సబబుగా తోచదు. పొయ్యి ఇంటిని కాల్చగలదు కదా అని దాన్ని ఇల్లు కాల్చే పనిముట్టు అనం.

అయినా లైసోజోములు పగలడం నిజంగా జరుగుతుంది, ఆ పగలడం మనుషులను చంపుతుంది కూడా. క్వారీల్లో, క్రషర్ల దగ్గర, గనుల్లో పనిచేసేవాళ్ల ఊపిరితిత్తుల్లోకి సిలికా ధూళి వెళుతుంది. అక్కడ కాపలా ఉండే మాక్రోఫేజ్ కణాలు ఆ రేణువులను మింగి లైసోజోముకు పంపుతాయి. రాయిని ఏ ఎంజైమూ అరిగించలేదు. పైగా ఆ స్ఫటికం పొరను దెబ్బతీస్తుంది, ఎంజైములు కారతాయి, ఆపద సంకేతాలు పుట్టి వాపు మొదలవుతుంది. కణం చనిపోయాక రాయి మళ్లీ బయటపడుతుంది, మరో కణం దాన్ని మింగుతుంది. ఆ చక్రం ఏళ్ల తరబడి తిరిగి ఊపిరితిత్తి గట్టిపడిపోతుంది. అదే సిలికోసిస్. గౌట్ జబ్బులో కీళ్ల దగ్గర పేరుకునే యూరిక్ ఆమ్ల స్ఫటికాలు రేపే మంటలోనూ ఈ కథ కొంత ఉంది. ఇవి చిన్న విషయాలు కావు, రాతిపనిలో ఊపిరి పోగొట్టుకున్న కుటుంబాలకు అసలే కావు. కానీ ఇక్కడ కణం చావాలని నిర్ణయించుకుని సంచి విప్పుకోలేదు. అరగని దాన్ని అరిగించబోయి గాయపడింది. దీన్ని ఆత్మహత్య అంటే, దుమ్ము లేకుండా పని జరిగేలా చూడాల్సినవాళ్ల తప్పు ఆ కణం మీదికి, చివరికి ఆ కూలీ మీదికి నెట్టినట్టవుతుంది.

మరి తోకకప్ప సంగతేమిటి? తోక ఉన్న పిల్ల కప్పగా మారేటప్పుడు ఆ తోక ఎక్కడా తెగి పడదు, శరీరంలోకే కరిగిపోతుంది. అలా కరిగే తోకలో లైసోజోమ్ ఎంజైముల జోరు పెరుగుతుందని 1950లలోనే కొలిచారు. ఆత్మహత్య సంచికి ఇంతకంటే మంచి సాక్ష్యం ఉండదని అప్పట్లో అనిపించింది. ఎంజైములు పెరిగిన మాట నిజం. అవి చావుకు ముందు పనిచేశాయా, తర్వాతా అన్నదే ప్రశ్న. 1965లో జాన్ కెర్ రక్తం సరిగా అందని ఎలుక కాలేయాన్ని పరిశీలించాడు. అక్కడక్కడా ఒంటరిగా ముడుచుకుని చనిపోతున్న కణాల్లో లైసోజోములు చెక్కుచెదరకుండా కనిపించాయి. కణం చస్తోంది, సంచి మాత్రం పగలలేదు! ఆ పరిశీలన పెరిగి 1972లో కెర్, వైలీ, కర్రీల చేతిలో అపోప్టోసిస్ అన్న భావన అయింది. ఆ పద్ధతైన చావును నడిపేవి ప్రధానంగా కాస్పేజులనే ఎంజైములని తర్వాత తేలింది. అవి కణద్రవంలో మామూలు పీహెచ్‌లో పనిచేసే మరో జాతి కత్తులు. తోకలోని కండర కణాలు ఆ దారిన చనిపోతాయి, వాటి శకలాలను మాక్రోఫేజులు మింగి తమ లైసోజోముల్లో అరిగించుకుంటాయి. తోకలో కొలిచిన ఎంజైముల్లో మంచి భాగం ఈ అంత్యక్రియలు చేసే కణాలదే. కొన్ని సందర్భాల్లో లైసోజోమ్ నుంచి కారిన ఎంజైములు చావును త్వరపెడతాయి, అది ఒప్పుకోవాలి. అయితే అది పక్కదారి, రాచబాట వేరే ఉంది.

ఇక ఈ వాదానికి అసలు బలం ఎక్కడుందో చెబుతాను. 1932లో నెదర్లాండ్స్‌లో యోహానెస్ పోంపే అనే వైద్యుడు 7 నెలల వయసులో చనిపోయిన ఒక ఆడపిల్ల శవపరీక్ష నివేదికను ప్రచురించాడు. గుండె విపరీతంగా ఉబ్బిపోయి ఉంది. కండరాల నిండా గ్లైకోజన్. గ్లైకోజన్ అంటే శరీరం చక్కెరను గొలుసుగా పేర్చి దాచుకునే నిల్వ సరుకు. (ఈ పోంపే రెండో ప్రపంచయుద్ధంలో నాజీలను ఎదిరించే రహస్య దళంలో చేరి, యుద్ధం ముగియడానికి కొద్ది వారాల ముందు, 1945 ఏప్రిల్ 15న తుపాకులకు బలయ్యాడు. తన పేరున్న జబ్బుకు కారణం ఆయనకు తెలియకుండానే పోయింది.) ఆ జబ్బు పెద్ద చిక్కుముడిగా మిగిలింది. అప్పటికి తెలిసిన గ్లైకోజన్ ఎంజైములన్నీ ఆ పిల్లల్లో సరిగానే ఉన్నాయి. నిల్వను తీసి వాడుకునే దారులన్నీ తెరిచే ఉన్నాయి. మరి గ్లైకోజన్ ఎందుకు పేరుకుంటోంది? 1963లో లువేన్‌లోనే, ద డూవ్ సహచరుడు హెన్రీ ఎర్స్ జవాబు పట్టుకున్నాడు. ఆ పిల్లల్లో లేనిది లైసోజోముకు చెందిన ఒకే ఒక్క ఎంజైము, ఆమ్లంలో గ్లైకోజన్‌ను విడగొట్టేది. ఏడాది తిరిగేసరికి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు చిత్రాలు దాన్ని ధ్రువపరిచాయి. కణద్రవంలో స్వేచ్ఛగా ఉన్న గ్లైకోజన్ మామూలుగానే ఉంది, దానికి తోడు పొర కట్టిన సంచుల్లో కిక్కిరిసి ఇంకొంత ఉంది.

ఈ ఒక్క చిత్రంలోంచి ఎంత పెద్ద సంగతి బయటపడుతుందో ఆలోచించండి. గ్లైకోజన్ తయారయ్యేదీ ఖర్చయ్యేదీ కణద్రవంలో. లైసోజోమ్ లోపల దానికేం పని? అక్కడికి ఎలా చేరింది? ఆరోగ్యంగా ఉన్న కణంలో కూడా కణద్రవంలోని సరుకును లైసోజోమ్ ఎప్పుడూ కొంచెం కొంచెంగా లోపలికి తీసుకుంటూ ఉంటేనే అది సాధ్యం. మామూలు పిల్లల్లో అలా తీసుకున్నది వెంటనే కరిగి, చక్కెరగా బయటికి వచ్చేస్తుంది కనుక మనకు కనిపించదు. జబ్బు చేసిన బిడ్డలో బయటికి దారి మూసుకుపోయింది కనుక లోపలికి వచ్చే దారి కనిపించింది. పోంపే జబ్బు కణంలో కొత్తగా ఏ చెడునూ మొదలుపెట్టలేదు. అంతకుముందు నుంచీ, మనందరిలో, రేయింబవళ్లు సాగుతున్న రాకపోకలను బయటపెట్టింది. లైసోజోమ్ చావు కోసం ఎదురుచూస్తూ మూలన కూర్చున్న సంచే అయితే, అందులో ఒక ఎంజైము లేకపోతే కణానికి నష్టమేమీ ఉండకూడదు, ఆత్మహత్య మార్గం ఒకటి తగ్గి ఇంకా ఎక్కువ కాలం బతకాలి. జరిగింది పూర్తిగా వేరు. ఒక ఎంజైము లోపిస్తే గుండె ఆగింది. మరొకటి లోపిస్తే టే-సాక్స్ జబ్బులో మెదడు కణాలు కొవ్వుతో ఉబ్బి పసిబిడ్డ చూపు, కదలిక పోయాయి. ఇంకొకటి లోపిస్తే గోషే జబ్బులో ప్లీహం, కాలేయం పెరిగి ఎముకలు బలహీనపడ్డాయి. ఇలాంటి లైసోజోమ్ నిల్వ జబ్బులు 50కి పైగా తెలుసు. వీటిలో హాని మొదలయ్యేది సంచి పగలడంతో కాదు, అరగక నిండిపోవడంతో.

మరి శరీరం తన సొంత సరుకును ఇలా రోజూ ఎందుకు కరిగించుకోవాలి? 1930లలో న్యూయార్కులో రుడాల్ఫ్ షోన్‌హైమర్, గుర్తు పెట్టిన నైట్రోజన్ ఉన్న అమైనో ఆమ్లాలను ఎలుకలకు తినిపించి చూశాడు. తిన్నది అవసరానికి మండిపోయి మిగతాది మూత్రంలో పోతుందనీ, శరీరపు గోడలు ఒకసారి కట్టాక అలాగే ఉంటాయనీ అప్పటి నమ్మకం. ఆ గుర్తు మాత్రం పెద్ద మొత్తంలో శరీరపు ప్రోటీన్లలోకే చేరింది. అంటే గోడలోని ఇటుకలు నిత్యం మారుతున్నాయి. పెద్దవాళ్ల శరీరంలో రోజుకు సుమారు 200 నుంచి 300 గ్రాముల ప్రోటీన్ విడిపోయి మళ్లీ తయారవుతుంది. తిండిలో మనకు దొరికేది దానిలో మూడో వంతో నాలుగో వంతో. మిగతాదంతా పాత సరుకులోంచి తిరిగి తీసుకున్నదే. కంసాలి దగ్గర పాత నగ కరిగించి కొత్త నగ చేయించుకున్నట్టు కణం అరిగిపోయిన ప్రోటీన్‌ను అమైనో ఆమ్లాలుగా కరిగించి కొత్త ప్రోటీన్ పోస్తుంది. కంసాలి మూసలో ఉన్న వేడి దుకాణమంతా పాకితే ప్రమాదమే, కానీ ఆ వేడి లేకపోతే దుకాణమే లేదు. లైసోజోమ్ ఆమ్లాన్ని నేను ఆ మూసలోని వేడిలాగే చూస్తాను.

ఇక్కడ జీవరసాయనం తెలిసినవాళ్లు ఒక న్యాయమైన అభ్యంతరం చెబుతారు. ప్రోటీన్లను విడగొట్టే పనిలో పెద్ద వాటా లైసోజోముది కాదు, ప్రోటియజోముది. యుబిక్విటిన్ అనే చీటీ అంటించిన ప్రోటీన్లను ఎంచి ముక్కలు చేసే ఈ వ్యవస్థను తేల్చినందుకే 2004లో సీచానోవర్, హెర్ష్‌కో, రోజ్‌లకు నోబెల్ వచ్చింది. మరి లైసోజోమును ఇంత పైకి ఎత్తడం దేనికి? అభ్యంతరం నిజమే, వాటా విషయంలో. కానీ ప్రోటియజోమ్ ఒక సన్నని గొట్టం లాంటిది, ఒక్కో ప్రోటీన్‌ను మడతలు విప్పి దారంలా లోపలికి లాగుతుంది. కొవ్వును ముట్టదు, చక్కెర గొలుసులను ముట్టదు, పాడైపోయిన మైటోకాండ్రియాను, లోపల దూరిన బాక్టీరియాను అసలు పట్టుకోలేదు. వాటిని పొరలో చుట్టి, మొత్తంగా మింగి, లోపలున్న రకరకాల పదార్థాలన్నిటినీ విప్పగల చోటు లైసోజోమ్ ఒక్కటే. జీవితాంతం కొత్తగా పుట్టని నాడీకణాలకు ఇది ప్రాణావసరం. చర్మకణం తన చెత్తను వెంటబెట్టుకునే రాలిపోతుంది. నాడీకణం దాన్ని డెబ్బై ఏళ్లు మోయాలి. నిల్వ జబ్బుల్లో మెదడు ఇంత తరచుగా దెబ్బతినడానికి కారణం ఇదేనని నా ఉద్దేశం.

జపానులో యోషినోరి ఓసుమి 1992లో ఈస్ట్ కణాలతో చేసిన ప్రయోగం ఈ రాకపోకలను కళ్లెదుట పెట్టింది. ఈస్టులో లైసోజోము పని చేసేది వాక్యుయోల్. అందులోని జీర్ణ ఎంజైములు లేని రకాన్ని తీసుకుని, ఆకలికి మాడ్చి, మామూలు మైక్రోస్కోపులో చూశాడు. కొన్ని గంటల్లో వాక్యుయోల్ నిండా అరగని మూటలు పేరుకున్నాయి. పోంపే జబ్బు చెప్పిన తర్కమే ఇది: బయటికి దారి మూస్తే లోపలికి వచ్చేది కనిపిస్తుంది. దానితో ఆటోఫజీకి కావలసిన జన్యువులు ఒక్కొక్కటే దొరికాయి, 2016లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఆ జన్యువుల్లో ఒకదాన్ని తీసేసిన ఎలుకపిల్లల మీద 2004లో జపాను పరిశోధకులే చూపించిన ఫలితం ఇంకా లోతైనది. బొడ్డు కోసిన క్షణం నుంచి తల్లిపాలు అందేదాకా పుట్టిన పిల్లకు తిండి లేదు. ఆ కొద్ది గంటలూ మామూలు ఎలుకపిల్ల తన కణాల్లోని సరుకును లైసోజోముల్లో కరిగించుకుని గట్టెక్కుతుంది. ఆ పని చేయలేని పిల్లలు పుట్టిన రోజే చనిపోయాయి. 2010 ప్రాంతంలో తేలిన మరో సంగతి దీనికి పూర్తిగా సరిపోతుంది. కణం పెరగాలా, ఆగాలా అని తీర్మానించే ఎంటార్ అనే ప్రోటీన్ బృందం, అమైనో ఆమ్లాలు సమృద్ధిగా ఉన్నప్పుడు లైసోజోమ్ పొర మీదికే వచ్చి కూర్చుంటుంది. మూసలో ఎంత బంగారం ఉందో చూసి గాని కొత్త నగకు బేరం కుదుర్చుకోరు కదా.

ఈ అవగాహన చికిత్సకు దారితీసింది. 1968లో అమెరికాలో ఎలిజబెత్ న్యూఫెల్డ్ బృందం హర్లర్, హంటర్ అనే రెండు వేర్వేరు నిల్వ జబ్బులున్న పిల్లల కణాలను ఒకే పాత్రలో కలిపి పెంచింది. రెండూ బాగుపడ్డాయి! ఒకదానిలో లేని ఎంజైమును రెండోది కొంచెం బయటికి వదులుతోంది, మొదటిది దాన్ని అందుకుని సరిగ్గా లైసోజోముకే చేరుస్తోంది. ఆ చేర్చడానికి ఎంజైము మీద ఏదో చిరునామా ఉండాలి. అది మానోజ్-6-ఫాస్ఫేట్ అనే చక్కెర గుర్తు అని 1977లో తేలింది. ఆ చిరునామా రాసే ఎంజైమే లోపించిన ఐ-సెల్ జబ్బులో, బిడ్డ రక్తంలో లైసోజోమ్ ఎంజైములు నిండుగా తిరుగుతుంటాయి, సంచుల్లో మాత్రం అవి దాదాపు ఉండవు. ఎంజైమును బయట తయారుచేసి రక్తంలోకి ఎక్కించవచ్చన్న ధైర్యాన్ని ఈ ఫలితాలు పెంచాయి. రోస్కో బ్రాడీ ఏళ్ల తరబడి పట్టువిడవకపోవడంతో, ప్రసవం తర్వాత వచ్చే మావి నుంచి తీసిన ఎంజైము 1991లో గోషే రోగులకు మందుగా వచ్చింది. తర్వాత పోంపే జబ్బుకు, మరికొన్నిటికి వచ్చాయి.

ఈ మందుల ధర సామాన్య కుటుంబం ఊహకు కూడా అందదు. గోషే, పోంపే లాంటివి మన దేశపు 2021 అరుదైన వ్యాధుల విధానంలో ఉన్నాయి. ఆ విధానం కింద గుర్తించిన కేంద్రాల్లో హైదరాబాదులోని నిమ్స్ ఆసుపత్రి, సీడీఎఫ్‌డీ పరిశోధన సంస్థ కలిసి ఒకటి. ఈ జబ్బుల్లో ఎక్కువ భాగం తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపమున్న జన్యువు వస్తేనే బయటపడతాయి కనుక, మేనరికాలు ఎక్కువగా ఉన్న తెలుగునాట ఈ పాఠం ఒక మార్కు ప్రశ్నగా మిగలడం నాకు బాధ కలిగిస్తుంది. ధర ఒక్కటే అడ్డంకి కాదు. రక్తంలోకి ఎక్కించిన ఎంజైము మామూలుగా మెదడుకు అందదు, రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న అడ్డుగోడ దాన్ని దాటనివ్వదు. గుండె, కాలేయం కోలుకున్న బిడ్డలో కూడా నాడీకణాలు నిండిపోతూనే ఉండవచ్చు. 2017లో సీఎల్ఎన్2 అనే, మెదడును దెబ్బతీసే నిల్వ జబ్బుకు అమెరికాలో అనుమతి పొందిన మందు ఈ గోడను చుట్టి వెళ్లింది. తల చర్మం కింద అమర్చిన పరికరం నుంచి మెదడులోకి వెళ్లే చిన్న గొట్టం ద్వారా, రెండు వారాలకొకసారి, 300 మిల్లీగ్రాముల ఎంజైమును మెదడు గదుల్లోని ద్రవంలోకే నెమ్మదిగా వదులుతారు. అక్కడినుంచి నాడీకణాలు దాన్ని, మానోజ్-6-ఫాస్ఫేట్ చిరునామా పట్టుకుని, తమ లైసోజోములకు చేర్చుకుంటాయి.